విమాన శిక్షకులు చదవవలసిన పుస్తకాలు: ఒక చారిత్రక పరిచయం

లక్ష్యాలు

ఈ పాఠం పూర్తి చేసిన తరువాత మీరు:

• విమానం నడపడం నేర్పే విద్య ఎప్పుడు, ఏ అవసరం వల్ల ఒక పద్ధతిగా రూపొందిందో వివరించగలుగుతారు.
• గోస్‌పోర్ట్ పద్ధతికి ముందు, తరువాత శిక్షణలో ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• శిక్షకులకు సాధారణంగా సూచించే ముఖ్య గ్రంథాలు ఏ సమస్యకు జవాబుగా పుట్టాయో చెప్పగలుగుతారు.
• వాటిని ఏ వరుసలో, ఏ దృష్టితో చదవాలో నిర్ణయించుకోగలుగుతారు.

1. విషయ పరిచయం

కొన్నేళ్ళ క్రితం ఒక ఆదివారం సంపర్క తరగతి ముగిశాక ఒక యువకుడు నా బల్ల దగ్గర ఆగాడు. దూరవిద్యలో చరిత్ర చదువుతూనే, కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించి, శిక్షకుడి పరీక్షకు తయారవుతున్నాడు. సంచిలోంచి నాలుగు లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు తీసి చూపించాడు. "సార్, ఇవన్నీ చదవమన్నారు. నిర్వచనాలు కంఠతా వచ్చేశాయి. కానీ నిన్న మా ఇన్‌స్ట్రక్టర్ గారు, 'నాకేమీ తెలియదనుకో, స్టాల్ ఎందుకవుతుందో చెప్పు' అంటే రెండు వాక్యాల తరువాత ఆగిపోయాను" అన్నాడు.

విమానాలు నడపడం నాకు రాదు. చరిత్ర చదువుకున్నవాణ్ణి కాబట్టి ఒక్క ప్రశ్న మాత్రం అడగగలిగాను. "ఈ పుస్తకాలు ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారో చూశావా?" చూడలేదన్నాడు. ఆ ప్రశ్న అతనికంటే నాకే ఎక్కువ పని పెట్టింది. ఈ పాఠం ఆ పనిలోంచి వచ్చింది.

పాఠం మొత్తంలో మీరు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటే. విమానం బాగా నడపగలిగినవారు తప్పకుండా బాగా నేర్పగలరని తొలినాళ్ళలో అందరూ నమ్మారు. ఆ నమ్మకం ఎన్నో ప్రాణాలు తీసింది. చెయ్యి ఎటు కదపాలో చెప్పడం వేరు, ఎందుకు కదపాలో చెప్పడం వేరు అని తెలిసిన తరువాతే శిక్షకుల కోసం పుస్తకాలు పుట్టాయి. అందువల్ల ఈ పుస్తకాల చరిత్ర తెలియకుండా వాటిని బట్టీ పడితే, వాటి అసలు ఉద్దేశమే మనకు అందకుండా పోతుంది.

2. పుస్తకం లేని కాలం (1903–1916)

1903 డిసెంబరు 17న అమెరికాలోని కిట్టీ హాక్ ఇసుక తీరంలో రైట్ సోదరుల విమానం తొలిసారి 12 సెకన్ల పాటు, 120 అడుగుల దూరం ఎగిరింది. ఆ సోదరులకు గురువు లేడు. గాలిపటాలతో, గ్లైడర్లతో ప్రయోగాలు చేస్తూ తమకు తామే నేర్చుకున్నారు. ఇతరులకు నేర్పవలసిన అవసరం తరువాత వచ్చింది. 1909లో విల్బర్ రైట్ ఫ్రాన్స్‌లోని పో పట్టణంలో ముగ్గురు ఫ్రెంచి వారికి శిక్షణ ఇచ్చారు. 1910లో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో రైట్ సోదరుల పాఠశాల నడిచింది.

ఆ శిక్షణ ఎలా ఉండేదో చూడండి. రైట్ విమానంలో ఇద్దరు పక్కపక్కన కూర్చునేవారు. ఒక మీట ఇద్దరి మధ్యలో ఉమ్మడిగా ఉండేది. దానివల్ల ఎడమ సీటులో నేర్చుకున్నవారు ఒక చేతివాటంతో, కుడి సీటులో నేర్చుకున్నవారు మరో చేతివాటంతో తయారయ్యేవారు. సీటు మారితే మళ్ళీ మొదటికి వచ్చేవారు. ఫ్రాన్స్‌లో బ్లేరియో పాఠశాలల పద్ధతి వేరు. అక్కడి విమానాలకు ఒకటే సీటు. మొదట నేలమీద పరుగెత్తడం, తరువాత చిన్న గెంతులు, ఆ తరువాత ఎగరడం. అన్నీ శిక్షణార్థి ఒంటరిగానే చేయాలి. గురువు నేలమీద నిలబడి చూస్తాడు. మరికొన్ని విమానాల్లో శిక్షణార్థి వెనక కూర్చుని, గురువు భుజం మీదుగా చెయ్యి చాపి మీటను తాకుతూ దాని కదలికను అనుభవంలోకి తెచ్చుకునేవాడు. ఇంజను హోరులో మాట వినపడదు. అరుపులు, భుజం మీద తట్టడాలే పాఠాలు.

1912లో బ్రిటన్ అపేవన్ అనే చోట సెంట్రల్ ఫ్లయింగ్ స్కూల్‌ను స్థాపించింది. సంస్థ ఏర్పడింది కాని, బోధనా పద్ధతి ఇంకా ఏర్పడలేదు. ఈ తేడాను చక్కగా చూపే సంఘటన అదే ఏడాది జరిగింది.

1912 ఆగస్టు 25న లార్క్‌హిల్ మైదానం పైన లెఫ్టినెంట్ విల్‌ఫ్రెడ్ పార్క్ నడుపుతున్న ఆవ్రో విమానం స్పిన్‌లో చిక్కుకుంది. స్పిన్ అంటే ఒక రెక్క పూర్తిగా పట్టు కోల్పోయి, విమానం గిరగిరా తిరుగుతూ కిందికి జారిపోవడం. అప్పటికి స్పిన్‌లో పడ్డవారు బతకడం చాలా అరుదు. సహజంగా తోచినట్టే పార్క్ స్టిక్‌ను వెనక్కి లాగారు, తిరుగుతున్న వైపుకే రడ్డర్ నొక్కారు. ఫలితం లేకపోయింది. చివరి క్షణాల్లో రడ్డర్‌ను ఎదురు వైపుకు నొక్కారు. నేలకు 50 అడుగుల ఎత్తులో విమానం దారికి వచ్చింది. ఆ ఘటన విమాన చరిత్రలో 'పార్క్స్ డైవ్' పేరుతో నిలిచిపోయింది. పార్క్ మాత్రం అదే డిసెంబరులో మరో ప్రమాదంలో మరణించారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. స్పిన్ నుంచి బయటపడే ఉపాయం 1912లోనే కొందరికి తెలిసింది. అయినా తరువాతి నాలుగేళ్ళలో ఎందరో యువకులు స్పిన్‌లోనే చనిపోయారు. తెలిసిన విషయం పాఠంగా మారలేదు. స్పిన్ అంటే మాట్లాడకూడని అరిష్టంగానే శిక్షణ కేంద్రాల్లో మిగిలిపోయింది. జ్ఞానం ఉండటానికి, అది పాఠ్యాంశంగా మారడానికి మధ్య ఎంత దూరం ఉంటుందో ఈ నాలుగేళ్ళు చెబుతాయి.

3. గోస్‌పోర్ట్ పద్ధతి: నేర్పేవారికి నేర్పడం

మొదటి ప్రపంచ యుద్ధం ఈ సమస్యను భరించలేని స్థితికి తెచ్చింది. 1916లో ఫ్రాన్స్‌లో 60వ స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించిన రాబర్ట్ స్మిత్-బ్యారీ (1886–1949), పది గంటలు కూడా సరిగా ఎగరని కుర్రవాళ్ళను తన దగ్గరకు పంపడం చూసి తట్టుకోలేకపోయారు. పై అధికారి ట్రెంచర్డ్‌కు శిక్షణలోని లోపాల గురించి పదేపదే రాశారు. చివరికి, అంత బాగా తెలిస్తే నువ్వే నేర్పి చూపించు అన్నట్టుగా, 1916 చివర్లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని గోస్‌పోర్ట్‌లో ఒక శిక్షణ స్క్వాడ్రన్‌ను ఆయనకు అప్పగించారు.

స్మిత్-బ్యారీ అక్కడ తెచ్చిన మార్పులను నాలుగుగా చెప్పుకోవచ్చు.

మొదటిది, జంట నియంత్రణలు. ఆవ్రో 504 విమానంలో గురువుకు, శిక్షణార్థికి ఇద్దరికీ పూర్తి నియంత్రణలు అమర్చారు. రేపు ఒంటరిగా ఎగిరేటప్పుడు ఏ సీటులో కూర్చోవాలో శిక్షణార్థి మొదటి రోజు నుంచే ఆ సీటులో కూర్చున్నాడు.

రెండవది, మాట. నోటి దగ్గర గరాటు, చెవుల దగ్గర గొట్టాలు ఉన్న ఒక సాదా సాధనంతో గాలిలో మాట్లాడుకునే వీలు కల్పించారు. 'గోస్‌పోర్ట్ ట్యూబ్' అనే పేరుతో అది దశాబ్దాల పాటు వాడుకలో ఉంది. చేసి చూపుతూ, అదే క్షణంలో ఏం చేస్తున్నదీ మాటల్లో చెప్పడం అప్పుడు సాధ్యమైంది. శిక్షకులు ఇప్పటికీ 'ప్యాటర్' అని పిలిచే మాటల ప్రవాహం ఈ దశలోనే స్థిరపడింది.

మూడవది, భయాన్ని పాఠంలోకి తేవడం. అంతవరకు శిక్షణ అంటే ప్రమాదకరమైన స్థితుల జోలికి పోకుండా చూసుకోవడమే. స్మిత్-బ్యారీ దాన్ని తలకిందులు చేశారు. స్టాల్, స్పిన్, పక్క గాలిలో దిగడం వంటివాటిలోకి గురువు పక్కన ఉండగానే కావాలని ప్రవేశించాలి. అది ఎందుకు జరిగిందో, ఎలా బయటపడాలో అక్కడే నేర్చుకోవాలి. 1917లో శాస్త్రవేత్త ఫ్రెడరిక్ లిండెమన్ స్వయంగా విమానం నడపడం నేర్చుకుని, ఫార్న్‌బరోలో స్పిన్‌లోకి వెళ్ళి కొలతలు తీసుకున్నారు. అలా స్పిన్ శాపం కాదని, కారణమూ విరుగుడూ ఉన్న భౌతిక క్రియ అని శాస్త్రం కూడా చెప్పింది.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యమైనది. గోస్‌పోర్ట్ కేంద్రం 1917 ఆగస్టులో 'స్కూల్ ఆఫ్ స్పెషల్ ఫ్లయింగ్' అయింది. అక్కడ ప్రధానంగా తయారైనది శిక్షకులు. శిక్షకుడికి కూడా శిక్షణ కావాలి, ఆ శిక్షణకు రాసిపెట్టిన పాఠం కావాలి అనే ఆలోచన అక్కడ వేళ్ళూనుకుంది. స్మిత్-బ్యారీ పద్ధతులు శిక్షకుల కోసం చిన్న పుస్తకం రూపంలో వెలువడి, తరువాతి శిక్షణ గ్రంథాలన్నిటికీ పునాది అయ్యాయి. ఈ రోజు మీరు ఏ దేశపు శిక్షక గ్రంథం తెరిచినా వివరణ, ప్రదర్శన, సాధన, దిద్దుబాటు అనే వరుస కనిపిస్తుంది. దాని వెనుక గోస్‌పోర్ట్ ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) స్పిన్ నుంచి బయటపడే ఉపాయం 1912లోనే తెలిసినా వెంటనే ఎందుకు ఉపయోగపడలేదు?
(ఆ) గోస్‌పోర్ట్ పద్ధతిలోని నాలుగు మార్పులను ఒక్కొక్క వాక్యంలో రాయండి.

4. మన దేశం, మన ఊరు

భారతదేశంలో పౌర విమాన శిక్షణ 1920ల చివర్లో ఫ్లయింగ్ క్లబ్బులతో మొదలైంది. 1929 ఫిబ్రవరి 10న జె.ఆర్.డి. టాటా, ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా అండ్ బర్మా ఇచ్చిన ఒకటవ నంబరు లైసెన్సు అందుకున్నారు. ఈ క్లబ్బుల్లో వాడిన చిన్న మాత్ విమానాలు, బోధన, పరిభాష అన్నీ బ్రిటన్ నుంచి వచ్చినవే.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ బేగంపేట. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ ప్రాథమిక విమాన శిక్షణ పాఠశాల పనిచేసింది. హైదరాబాదులో 1923లో పుట్టి, తరువాత భారత వైమానిక దళాధిపతి (1978–81) అయిన ఇద్రిస్ హసన్ లతీఫ్ తొలి పాఠాలు నేర్చుకున్నది బేగంపేటలోనే. ఆ కాలపు శిక్షణ విమానం టైగర్ మాత్. శిక్షకుడు ముందు సీటులో, శిక్షణార్థి వెనక సీటులో కూర్చునేవారు. ఇద్దరి మధ్య గోస్‌పోర్ట్ తరహా మాటల గొట్టం ఉండేది. ఇంగ్లండ్ తీరంలో 1917లో పుట్టిన ఒక బోధనా పద్ధతి పాతికేళ్ళలో హైదరాబాదు ఆకాశానికి చేరిన తీరు ఇది.

స్వాతంత్ర్యం వచ్చిన వెంటనే మన వైమానిక దళం గుర్తించిన అవసరాల్లో శిక్షకుల తయారీ ఒకటి. 1948లో అంబాలాలో ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్స్ స్కూల్ ఏర్పడింది. 1954లో అది మద్రాసు దగ్గరి తాంబరానికి మారింది. హైదరాబాదు సమీపంలోని దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీకి 1967లో శంకుస్థాపన జరిగింది. వరుసను గమనించండి. పైలట్లను తయారుచేసే అకాడమీకి దాదాపు రెండు దశాబ్దాల ముందే, పైలట్లకు నేర్పేవారిని తయారుచేసే పాఠశాల మనకు ఉంది.

5. లక్షల మందికి నేర్పవలసి వచ్చినప్పుడు

గోస్‌పోర్ట్‌లో కొద్దిమంది అసాధారణ శిక్షకులు ఉన్నారు. లక్షల మందికి నేర్పవలసి వస్తే అలాంటివారు సరిపోరు. సాధారణ శిక్షకుడు కూడా ఒకే నాణ్యతతో నేర్పాలంటే రాసిన పాఠ్యక్రమం తప్పనిసరి. 1939లో చట్టబద్ధమైన అమెరికా సివిలియన్ పైలట్ ట్రైనింగ్ కార్యక్రమం 1944 నాటికి 4 లక్షల మందికి పైగా విమానం నడపడం నేర్పింది. కళాశాలలను, చిన్న చిన్న విమానాశ్రయాలను కలుపుకుని సాగిన ఈ కార్యక్రమంలో శిక్షకులకు ప్రామాణిక పాఠాలు, ప్రామాణిక పరీక్షలు వచ్చాయి.

సాధనాలూ మారాయి. ఎడ్విన్ లింక్ కుటుంబానికి న్యూయార్క్ రాష్ట్రంలో పియానోలు, ఆర్గన్లు తయారుచేసే వ్యాపారం ఉండేది. హార్మోనియంలోని తిత్తుల వంటి గాలి తిత్తులతోనే ఆయన 1929లో నేలమీద ఊగుతూ తిరిగే నకిలీ విమానాన్ని తయారుచేశారు. మొదట్లో అది ఎక్కువగా వినోద శాలలకు అమ్ముడుపోయింది. 1934లో అమెరికా సైన్యం విమాన తపాలా బాధ్యత తీసుకుని, చెడు వాతావరణంలో అనేకమంది పైలట్లను కోల్పోయాక ఆరు లింక్ ట్రైనర్లు కొన్నది. పరికరాలను చూస్తూ ఎగరడం నేలమీదనే నేర్పే సంప్రదాయం అప్పుడు బలపడింది. ఇక్కడా మార్పును తెచ్చింది మరణాలేనని గుర్తించండి.

ఈ దశలో మరో ప్రశ్న కూడా ముందుకు వచ్చింది. ఎవరికి నేర్పుతారు? బెస్సీ కోల్‌మన్ అనే నల్లజాతి యువతిని అమెరికాలో ఏ పాఠశాలా చేర్చుకోలేదు. ఆమె ఫ్రెంచి భాష నేర్చుకుని, ఫ్రాన్స్ వెళ్ళి 1921 జూన్ 15న లైసెన్సు సంపాదించారు. చార్లెస్ ఆల్‌ఫ్రెడ్ ఆండర్సన్ అప్పు చేసి సొంతంగా విమానం కొనుక్కుని, తంటాలు పడి నేర్చుకుని, 1932లో వాణిజ్య స్థాయి లైసెన్సు పొందారు. తరువాత ఆయనే టస్కీగీలో ప్రధాన శిక్షకుడు అయ్యారు. 1941 మార్చిలో అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ టస్కీగీ వచ్చి, నల్లవారు విమానం నడపగలరా అని సందేహించే దేశం చూస్తుండగా, ఆండర్సన్ నడిపే విమానం ఎక్కారు. టస్కీగీలో దాదాపు వెయ్యిమంది నల్లజాతి సైనిక పైలట్లు తయారయ్యారు. గురువు దొరకని మనిషి గురువు అయితే ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో ఆండర్సన్ జీవితం చెబుతుంది. తెలుగు మాధ్యమంలో చదివి, ఇంగ్లీషు పుస్తకాల ముందు తడబడుతున్న మీలో కొందరికి ఈ ఉదాహరణ ప్రత్యేకంగా అవసరం.

6. 'ఎందుకు' చెప్పిన పుస్తకం: 'స్టిక్ అండ్ రడ్డర్' (1944)

శిక్షకులకు సూచించే పుస్తకాల్లో ఎనభై ఏళ్ళుగా నిలిచిన పేరు 'స్టిక్ అండ్ రడ్డర్'. రచయిత వోల్ఫ్‌గాంగ్ లాంగ్‌వీష జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డారు. యుద్ధ కాలంలో పరీక్షా పైలట్‌గా పనిచేశారు. పుస్తకంలో గాలిలోని ప్రమాదాల గురించిన భాగాన్ని లైటన్ కాలిన్స్ రాశారు.

లాంగ్‌వీష గమనించిన సమస్య సూక్ష్మమైనది. అనుభవం ఉన్న పైలట్ల చేతులు సరైన పనే చేస్తాయి. కానీ ఏం చేస్తున్నావని అడిగితే నోటితో చెప్పేది వేరొకటి. వాళ్ళ మాట విని శిక్షణార్థి తప్పు నేర్చుకుంటాడు. ఉదాహరణకు, స్టిక్ వెనక్కి లాగితే విమానం పైకి వెళుతుందని చాలామంది చెబుతారు. సాధారణ స్థితిలో అలాగే కనిపిస్తుంది కూడా. కానీ వేగం తగ్గిపోయిన విమానంలో అదే స్టిక్‌ను ఇంకా లాగితే విమానం కింద పడుతుంది. అంటే స్టిక్ అసలు చేసే పని వేరే ఉంది.

ఆ పనిని అర్థం చేసుకోవడానికి, చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి అరచెయ్యి బయట పెట్టిన రోజులు గుర్తు తెచ్చుకోండి. చేతి ముందు అంచును కొంచెం పైకెత్తితే గాలి చేతిని పైకి నెడుతుంది. ఇంకా ఎత్తితే ఇంకా నెడుతుంది. మరీ ఎత్తితే ఆ పైకి లేపే పట్టు పోయి, గాలి చేతిని వెనక్కి తోసేస్తుంది. రెక్క కూడా అంతే. వచ్చే గాలిని రెక్క ఎంత కోణంలో ఎదుర్కొంటుందన్నదే అసలు విషయం. మామూలు రెక్కకు ఆ కోణం సుమారు 15 డిగ్రీలు దాటితే పైభాగంలో గాలి సాఫీగా సాగక విడిపోతుంది. దాన్నే స్టాల్ అంటారు. ఇంజను ఆగిపోవడానికి దీనికి సంబంధం లేదు. స్టిక్ ప్రధానంగా మార్చేది ఈ కోణాన్నే. కనుక ముక్కు కిందికి వాలుతోందని భయపడి స్టిక్‌ను వెనక్కి లాగే శిక్షణార్థి, రోగం ముదిరే మందు వేస్తున్నాడన్న మాట. ముందుకు వదలాలి. కోణం తగ్గగానే రెక్కకు పట్టు తిరిగి వస్తుంది.

భయపడిన మనిషి చెయ్యి సహజంగా వెనక్కే లాగుతుంది. కంఠతా పట్టిన నిర్వచనం ఆ చేతిని ఆపలేదు. కారణం మనసులో నాటుకుంటేనే చెయ్యి ఆగుతుంది. మా యువకుడు రెండు వాక్యాల తరువాత ఆగిపోయింది సరిగ్గా ఈ చోటనే. పుస్తకం భాష కొంత పాతబడింది, ఉదాహరణలు ఆనాటి చిన్న విమానాలవి. అయినా 'ఎందుకు' అనే ప్రశ్నకు దీనికంటే సాదాగా జవాబు చెప్పిన పుస్తకాలు తక్కువ. ఇదే విషయాన్ని గణితంతో, పటాలతో చదవదలచినవారికి 1960లో హెచ్.హెచ్. హర్ట్ అమెరికా నౌకాదళం కోసం రాసిన 'ఏరోడైనమిక్స్ ఫర్ నేవల్ ఏవియేటర్స్' ఉంది. లాంగ్‌వీష చదివాకే అది తెరవండి.

7. మనసును చదివిన పుస్తకం: శిక్షకుల హ్యాండ్‌బుక్

విమానం అర్థమైంది. మరి శిక్షణార్థి? ఆ లోటును పూరించింది అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ ప్రచురించే 'ఏవియేషన్ ఇన్‌స్ట్రక్టర్స్ హ్యాండ్‌బుక్'. 1977లో ఈ పేరుతో వెలువడి, 1999, 2008, 2020 సంవత్సరాల్లో కొత్త రూపాలు దాల్చింది. ఇందులో విమానం కంటే మనిషే ఎక్కువ. మనిషి ఎలా నేర్చుకుంటాడు, ఆందోళన నేర్చుకోవడాన్ని ఎలా అడ్డుకుంటుంది, పాఠాన్ని ఎలా కట్టాలి, తప్పును ఎలా ఎత్తిచూపాలి అన్నవి దీని విషయాలు.

ఈ గ్రంథంలో ప్రసిద్ధమైన భాగం అభ్యసన నియమాలు. సంసిద్ధత, అభ్యాసం, ఫలితం అనే మూడు నియమాలను ఎడ్వర్డ్ థార్న్‌డైక్ రూపొందించారు. మీలో బి.ఇడి. చదివినవారికి ఈ పేరు పరిచితమే. 1898లో పిల్లులను పెట్టెలో ఉంచి, అవి తలుపు తెరవడం ఎలా నేర్చుకుంటాయో చూసిన ప్రయోగాలు వీటి మూలం. వాటికి ప్రాథమ్యం, తీవ్రత, సమీపత అనే మరో మూడు తరువాత చేరాయి. శిక్షకులకు వీటిలో ప్రాథమ్యం అతి ముఖ్యం. మొదట నేర్చినది బలంగా నాటుకుంటుంది. మొదట తప్పు నేర్పితే దాన్ని మాన్పించడం, కొత్తగా నేర్పడం కంటే కష్టం.

చరిత్ర విద్యార్థిగా మీరు ఇక్కడ ఒక జాగ్రత్త పాటించాలి. 1930 ప్రాంతాల్లో థార్న్‌డైక్ తన నియమాలను తానే సవరించుకున్నారు. ఊరికే పదేపదే చేసినంత మాత్రాన నేర్పు రాదని, శిక్ష ప్రభావం తాను అనుకున్నంత బలమైనది కాదని ఒప్పుకున్నారు. కాబట్టి ఈ నియమాలను శిలాశాసనంగా తీసుకోకండి. పరీక్షలో ఆరు పేర్లు రాయండి, కాదనను. కానీ ల్యాండింగ్‌లో మళ్ళీ మళ్ళీ తప్పు చేస్తున్న శిక్షణార్థితో కారణం చెప్పకుండా ఇంకో ఇరవై ల్యాండింగ్‌లు చేయిస్తే ఆ తప్పే గట్టిపడుతుందని గుర్తుంచుకోండి.

ఇదే సంస్థ గ్రంథాలు పైలట్లలో ఐదు ప్రమాదకర ధోరణులను చెబుతాయి. మన మాటల్లో చెప్పుకుంటే అవి ఇవి: "నాకు చెప్పడానికి నువ్వెవరు?", "ఏదో ఒకటి వెంటనే చేసెయ్యాలి", "నాకేం కాదు", "నా తడాఖా చూపిస్తా", "మన చేతుల్లో ఏముంది?" ఈ ఐదింటినీ రోడ్డు మీద బండ్లు నడిపేవారిలో మనం రోజూ చూస్తూనే ఉన్నాం.

శిక్షకుడికి వర్తించే మరో ప్రమాదం ఉంది. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫె విమానాశ్రయంలో, మంచు కమ్మిన రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. రేడియోలో ఒకరి మాట మరొకరి మాటకు అడ్డుపడడం, అస్పష్టమైన పదాలు వాడడం వంటి కారణాలు అనేకం ఉన్నాయి. వాటితో పాటు గమనించవలసింది ఇంకొకటి. అనుమతి రాకుండానే పరుగు ప్రారంభించిన విమానం కెప్టెన్, తన సంస్థలో 747 శిక్షణకు పెద్ద. ఎదుటి విమానం రన్‌వే మీద నుంచి ఇంకా తప్పుకోలేదేమో అని ఫ్లైట్ ఇంజనీర్ సందేహం వెలిబుచ్చాడు. పెద్దాయన నిశ్చయంగా జవాబు చెప్పాక ఆ సందేహం అక్కడే ఆగిపోయింది. కింది ఉద్యోగి ధైర్యంగా మాట్లాడటం, పై అధికారి వినడం అనేవి నేర్పవలసిన నైపుణ్యాలని విమాన లోకం ఆ తరువాత గట్టిగా గుర్తించింది.

గురువుకు ఎదురు చెప్పకూడదని నేర్చుకుని పెరిగిన మనకు ఈ పాఠం మరీ అవసరం. గురువు పట్ల గౌరవం మన సంస్కృతిలో గొప్ప విషయం. కానీ కాక్‌పిట్‌లో "సార్, ఎత్తు తగ్గుతోంది" అనడానికి జంకే శిక్షణార్థిని తయారుచేసిన గురువు, ఆ గౌరవాన్ని ఇద్దరి ప్రాణాలతో కొనుక్కుంటున్నాడు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన నేను కూడా తరగతిలోని నిశ్శబ్దాన్ని చాలాకాలం క్రమశిక్షణ అనుకున్నాను. వారికి అర్థం కాలేదని పరీక్ష పత్రాలు దిద్దేటప్పుడు తెలిసేది. నా తరగతిలో దానికి మూల్యం కొన్ని మార్కులు. మీ తరగతి గాలిలో ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) స్టాల్ అంటే ఏమిటో ఏ సాంకేతిక పదమూ వాడకుండా మీ ఇంట్లో ఒకరికి వివరించండి. వారు తిరిగి చెప్పగలిగారా?
(ఆ) ప్రాథమ్య నియమం శిక్షకుడికి ఎందుకు ముఖ్యం?

8. ఏ వరుసలో చదవాలి?

మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు ఉన్నవారు ముందు అసిస్టెంట్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్, ఆ తరువాత ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ పొందుతారు. నియమాలు, అర్హతలు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిర్ణయిస్తుంది. అవి మారుతూ ఉంటాయి కనుక ఎప్పటికప్పుడు తాజా ప్రతినే చదవాలి. మిగిలిన పుస్తకాలకు నా సూచన ఇది.

ముందుగా 'స్టిక్ అండ్ రడ్డర్' చదవండి. తొందరపడకుండా, రోజుకు ఒక అధ్యాయం చాలు. తరువాత ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ వారి 'ఎయిర్‌ప్లేన్ ఫ్లయింగ్ హ్యాండ్‌బుక్', 'పైలట్స్ హ్యాండ్‌బుక్ ఆఫ్ ఏరోనాటికల్ నాలెడ్జ్' చదవండి. ఇవి ప్రభుత్వ ప్రచురణలు కాబట్టి ఉచితంగా దొరుకుతాయి. మూడవది 'ఏవియేషన్ ఇన్‌స్ట్రక్టర్స్ హ్యాండ్‌బుక్'. నాలుగవది విలియం కెర్ష్‌నర్ రాసిన 'ది ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్స్ మాన్యువల్'. 1970లలో తొలిసారి వచ్చిన ఈ పుస్తకం, శిక్షకుడి పక్కన మరో పెద్ద శిక్షకుడు కూర్చుని సలహా చెబుతున్నట్టు ఉంటుంది. అమెరికా గ్రంథాల్లోని నియమాలు మనకు వర్తించవని మాత్రం మరువకండి. గాలి నియమాలు అన్ని దేశాలకూ ఒకటే, ప్రభుత్వ నియమాలు దేశానికొకటి.

చదివేటప్పుడు మూడు పనులు చేయండి. ప్రతి అధ్యాయం దగ్గర 'ఇది ఏ ప్రమాదానికి జవాబు?' అని ప్రశ్నించుకోండి. ప్రతి పాఠాన్నీ ముందు తెలుగులో మీకు మీరే చెప్పుకోండి. గాలిలో ప్యాటర్ ఇంగ్లీషులోనే సాగుతుంది, రేడియో భాష కూడా ఇంగ్లీషే. అయినా మాతృభాషలో చెప్పలేని విషయం మీకు ఇంకా అర్థం కాలేదని లెక్క. చివరగా, నోటుపుస్తకంలో ఎడమ పేజీలో 'ఏం చేయాలి', కుడి పేజీలో 'ఎందుకు' అని రాసుకోండి. కుడి పేజీ ఖాళీగా ఉన్న పాఠాన్ని ఎవరికీ నేర్పకండి.

9. సారాంశం

తొలి పైలట్లు గురువు లేకుండా నేర్చుకున్నారు. వారి వద్ద నేర్చుకున్నవారు పద్ధతి లేకుండా నేర్చుకున్నారు. 1912లో తెలిసిన స్పిన్ రహస్యం 1917 దాకా పాఠం కాలేదు. గోస్‌పోర్ట్‌లో స్మిత్-బ్యారీ ప్రమాదాన్ని పాఠంలోకి తెచ్చి, శిక్షకులకు శిక్షణ అనే ఆలోచనను స్థిరపరిచారు. ఆ పద్ధతి బేగంపేట దాకా వచ్చింది. యుద్ధ కాలపు అవసరాలు దాన్ని పాఠ్యక్రమంగా మార్చాయి. లాంగ్‌వీష విమానాన్ని వివరించారు, హ్యాండ్‌బుక్ శిక్షణార్థిని వివరించింది, టెనెరిఫె గురువు కూడా వినాలని నేర్పింది.

మా యువకుడు తరువాత శిక్షకుడయ్యాడు. ఒకసారి ఫోనులో, "సార్, ఇప్పుడు నా దగ్గర నేర్చుకునేవాళ్ళను మొదటి రోజే అరచెయ్యి బస్సు కిటికీ కథ అడుగుతున్నాను" అన్నాడు. వాళ్ళు చెప్పగలుగుతున్నారా అని అడిగాను. "సగం మంది చెప్పలేరండీ. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను" అన్నాడు.

పారిభాషిక పదాలు

స్టాల్: రెక్క గాలిని ఎదుర్కొనే కోణం పరిమితి దాటడం వల్ల రెక్క పట్టు కోల్పోవడం.
స్పిన్: స్టాల్ అయిన విమానం గిరగిరా తిరుగుతూ కిందికి జారడం.
రడ్డర్: విమానం ముక్కును కుడి ఎడమలకు తిప్పే తోకభాగం.
ప్యాటర్: చేసి చూపుతూ శిక్షకుడు అదే సమయంలో చెప్పే వివరణ.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. గోస్‌పోర్ట్ పద్ధతి ఆవిర్భావానికి దారితీసిన పరిస్థితులను, దాని ప్రధాన లక్షణాలను వివరించండి.
2. "ప్రతి శిక్షక గ్రంథం ఒక ప్రమాదానికి జవాబు." ఈ అభిప్రాయాన్ని తగిన ఉదాహరణలతో చర్చించండి.
3. అభ్యసన నియమాలను విమర్శనాత్మకంగా పరిశీలించండి.
4. గురుశిష్య సంబంధం విషయంలో టెనెరిఫె ప్రమాదం నేర్పే పాఠం ఏమిటి? మీ అనుభవంతో జోడించి రాయండి.